బీరులోకి పాషాణం ఎలా వచ్చింది? 1900 నాటి మాంచెస్టర్ కథ

ఇవాళ మనం 1900వ సంవత్సరంలోకి, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కి వెళ్దాం. బట్టల మిల్లుల ఊరు అది. ఆ ఏడాది అక్కడి ఆసుపత్రులకి ఒకే రకం బాధతో జనం రావడం మొదలైంది. కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కడం, అరికాళ్ళు మండిపోవడం, చర్మం నల్లబడటం. కొందరైతే నడవలేకపోయారు. వాళ్ళలో చాలామంది కూలీనాలీ చేసుకునే పేదలు.

డాక్టర్లు ఏమన్నారో తెలుసా? తాగుడు వల్ల నరాలు దెబ్బతిన్నాయి అన్నారు. అంటే తప్పంతా రోగిదే. తాగేవాడి మాట ఎవరు నమ్ముతారు చెప్పండి?

అక్కడి పేదల ఆసుపత్రిలో పనిచేసే ఎర్నెస్ట్ రేనాల్డ్స్ అనే డాక్టర్‌కి మాత్రం అనుమానం వచ్చింది. తాగుడే కారణమైతే విస్కీ లాంటివి బాగా తాగేవాళ్ళకి ఇంకా ఎక్కువ రావాలి కదా? కానీ జబ్బు పడుతున్నది బీరు తాగేవాళ్ళు. దాంతో ఆయన బీరునే పరీక్ష చేశాడు. కొంచెం హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపి, రాగి రేకు వేసి మరిగించాడు. ఆర్సెనిక్ ఉంటే రాగి మీద నల్లటి పూత పడుతుంది. పడింది! ఆర్సెనిక్ అంటే మన పెద్దలు పాషాణం అనే విషమే.

మరి బీరులోకి పాషాణం ఎవరు కలిపారు? కావాలని ఎవరూ కలపలేదు. వెనక్కి వెళ్తే దారి ఒక యాసిడ్ ఫ్యాక్టరీ దాకా పోయింది.

అప్పట్లో ఖర్చు తగ్గించడానికి బీరులో మాల్ట్ కొంత తగ్గించి, దాని బదులు ఫ్యాక్టరీలో చేసిన చక్కెర వేసేవాళ్ళు. ఆ చక్కెర చేయాలంటే పిండినో, చెరకు చక్కెరనో పల్చటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఉడికించాలి. పనయ్యాక సుద్ద కలిపితే యాసిడ్ విరిగి, జిప్సంగా అడుక్కి దిగిపోతుంది. కానీ యాసిడ్‌లో ఆర్సెనిక్ ఉంటే అదంతా పోదు. చక్కెరలో ఉండిపోతుంది.

అసలు యాసిడ్‌లోకి ఆర్సెనిక్ ఎందుకొచ్చింది? దీనికి ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి. 1746లో బర్మింగ్‌హామ్‌లో జాన్ రోబక్ సీసపు రేకులతో గదులు కట్టి, గంధకం కాల్చిన పొగతో యాసిడ్ తయారీ మొదలుపెట్టాడు. గంధకం ప్రధానంగా సిసిలీ దీవి నుంచి వచ్చేది. 1838లో అక్కడి రాజు గంధకం వ్యాపారం మొత్తం ఒక ఫ్రెంచ్ కంపెనీ చేతిలో పెట్టాడు. ధర ఆకాశానికంటింది. ఇంగ్లండ్ ఫ్యాక్టరీలు వేరే దారి వెతుక్కుని పైరైట్ అనే ఖనిజం కాల్చడం మొదలుపెట్టాయి. పైరైట్‌లో గంధకం, ఇనుము ఉంటాయి. చాలాచోట్ల దాంతోపాటు ఆర్సెనిక్ కూడా ఉంటుంది. కాల్చినప్పుడు అదీ ఆవిరై, పొగతో కలిసి యాసిడ్‌లోకి చేరుతుంది.

దీన్ని తీసే పద్ధతి అప్పటికే ఉంది. కాకపోతే ఎప్పుడు తీస్తాం అన్నదే అసలు విషయం. సీసపు గదిలోంచి వచ్చే యాసిడ్ కాస్త పల్చగా ఉంటుంది. అందులోకి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాస్ పంపిస్తే, ఆర్సెనిక్ పసుపు రంగు పొడిలా విడిపోతుంది. వడకట్టి తీసేయొచ్చు. అదే నీళ్ళన్నీ మరిగించి చిక్కగా చేశాక పంపిస్తే? చిక్కటి యాసిడ్ ఆ గ్యాస్‌నే పాడుచేసి గంధకంగా మార్చేస్తుంది.

బట్టీ పట్టి శుద్ధి చేసుకోవచ్చులే అనుకోకండి. యాసిడ్‌లో ఎక్కడైనా క్లోరైడ్ కలిసి ఉంటే ఆర్సెనిక్ దాంతో కలిసి 130 డిగ్రీల దగ్గరే ఆవిరయ్యే పదార్థంగా మారుతుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్ మరగాలంటే 300 డిగ్రీలు దాటాలి. అంటే మనం శుద్ధమైన సరుకు అనుకుని పట్టుకునే ఆవిరిలో విషమే ముందు వచ్చేస్తుంది. అందుకే మలినాన్ని పొయ్యి ఎక్కించకముందే పట్టుకోవాలి.

ఇక మళ్ళీ 1900కి వద్దాం. ఆ చక్కెర చేసింది లివర్‌పూల్‌లోని బోస్టాక్ కంపెనీ. వాళ్ళకి యాసిడ్ అమ్మింది లీడ్స్‌లోని నికల్సన్ కంపెనీ. బోస్టాక్ వాళ్ళు అడిగింది ఆర్సెనిక్ లేని యాసిడ్. మొదట్లో అలాంటిదే వచ్చేది. తర్వాత ఆర్సెనిక్ తీయని యాసిడ్ వచ్చింది, ఒక్క మాట కూడా చెప్పకుండా. కొన్నవాళ్ళు పరీక్ష చేసుకోలేదు. బీరు చేసేవాళ్ళూ చేసుకోలేదు. దాదాపు 6,000 మంది జబ్బు పడ్డారు. కనీసం 70 మంది చనిపోయారు.

కేసు కోర్టుకెక్కింది. 1904లో వచ్చిన తీర్పులో యాసిడ్ ధర, పాడైన సరుకు ధర బోస్టాక్‌కి ఇవ్వమన్నారు. అంతకుమించి నష్టపరిహారం రాలేదు. యాసిడ్ దేనికి వాడతారో అమ్మినవాళ్ళకి తెలియదు అన్నది కారణం. గమనించారా, ఇది రెండు కంపెనీల మధ్య లెక్క. నడవలేకపోయిన కూలీ ఈ లెక్కలో లేడు.

ఇంకో పక్క జర్మనీలో ఏం జరుగుతోందో చూడండి. ప్లాటినం మీద గ్యాస్ పంపి యాసిడ్ చేసే కొత్త పద్ధతి మీద బీఏఎస్ఎఫ్ కంపెనీలో రుడాల్ఫ్ క్నీట్ష్ పనిచేశాడు. ఆర్సెనిక్ తగిలితే ఖరీదైన ఆ ప్లాటినం పనిచేయడం మానేస్తుంది. అందుకే గ్యాస్‌ని ముందే కడిగి కడిగి, ఆర్సెనిక్ జాడ లేకుండా చేసేవాళ్ళు. 1901లో ఆయన ఈ వివరాలన్నీ బయటపెట్టాడు.

ప్లాటినం పాడైతే ఫ్యాక్టరీ ఆగిపోతుంది, యజమానికి వెంటనే తెలుస్తుంది. మనిషి పాడైతే మాత్రం, "తాగుబోతు కదా" అన్నారు.

ఇంగ్లండ్ ప్రభుత్వం లార్డ్ కెల్విన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 1903 నాటి తుది నివేదికలో అది ఒక హద్దు సూచించింది: గ్యాలన్ బీరులో ఆర్సెనిక్ గ్రెయిన్‌లో నూరో వంతు కూడా ఉండకూడదు. అంటే లీటరుకి సుమారు 0.14 మిల్లీగ్రాములు. తినే తాగే వస్తువుల్లో విషానికి అంకెల్లో హద్దు పెట్టడం అన్న ఆలోచనకి ఇది బలం ఇచ్చింది.

ఈసారి ఏ ప్యాకెట్ వెనకైనా చిన్న అక్షరాల్లో పదార్థాల పేర్లు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. ప్రతి పేరు వెనకా ఒక ఫ్యాక్టరీ, దాని వెనక ఇంకో ఫ్యాక్టరీ ఉంటాయి. ఎక్కడో ఒకచోట ఎవరో వడకట్టాలి, వడకట్టకపోతే చెప్పాలి. అలాగే, ఎవరైనా ఒంట్లో బాగాలేదంటే వాళ్ళ అలవాట్లని తిట్టేముందు రేనాల్డ్స్‌లా ఒక్క ప్రశ్న వేసి చూడండి. మళ్ళీ ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను.