పురిటింటి నుంచి పెద్దాసుపత్రికి: తెలుగునాట వ్యాధిగ్రస్త గర్భిణి ప్రసవస్థల నిర్ణయ చరిత్ర

తెలుగులో ‘పురుడు’ అన్న మాటకు ప్రసవమనీ, ప్రసవానంతరం ఇంటివారు పట్టే అశౌచమనీ రెండర్థాలున్నాయి. ఆ రెండర్థాలూ కలిసే చోటు పురిటిల్లు. కాన్పు ఎక్కడ జరగాలన్న నిర్ణయం ఈ సమాజంలో చాలాకాలం బంధుత్వాన్నీ శౌచాశౌచాలనూ అనుసరించి సాగిందే తప్ప వైద్యాన్ని అనుసరించి కాదని ఈ పదజాలమే సూచిస్తుంది. తొలిచూలు పుట్టింట, మలిచూళ్ళు చాలా కుటుంబాల్లో అత్తింట. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో మంచిరోజు చూసి కూతురిని తీసుకువెళ్ళడం తల్లిదండ్రుల విధి. ఈ ఏర్పాటులో ‘ఎక్కడ’ అన్నది అడగవలసిన ప్రశ్న కాదు. గర్భిణి జబ్బు పడినప్పుడే అది ప్రశ్న అయింది.

శాస్త్రగ్రంథాల సంప్రదాయం కూడా ఇంటినే ప్రసవస్థలంగా భావించింది. చరకసంహిత శారీరస్థానం తొమ్మిదో నెల రాకముందే సూతికాగారాన్ని సిద్ధం చేయాలనీ, దాని వాకిలి తూర్పుకో ఉత్తరానికో ఉండాలనీ విధించింది. అయితే శాస్త్రం చెప్పిన ఆ ప్రత్యేక గృహం సామాన్యుల ఇళ్ళలో పెరటివైపు గదిగానో, వసారాలో చాప అడ్డుకట్టిన మూలగానో మిగిలింది. అక్కడికి వచ్చేది మంత్రసాని. సహజంగా జరిగే కాన్పులో ఆమె అనుభవానికి సాటి లేదు. కాళ్ళకు నీరు పట్టి, తల బరువెక్కి, చివరకు మూర్ఛలు వచ్చే స్థితిని జనం ‘గుర్రపువాతం’ అన్నారు. ఆ పేరు పెట్టగలిగారంటే జబ్బును గుర్తించారనే అర్థం. గుర్తించిన తరువాత పంపడానికి మరో చోటు లేదు. మంత్రసాని అజ్ఞానాన్నే కారణంగా చూపిన సంస్కరణకాలపు రచనలు ఈ సంగతిని దాదాపు పట్టించుకోలేదు.

పుట్టింటి ఆచారాన్ని వ్యాధి దృష్టితో పరిశీలిస్తే ఒక విచిత్రమైన విభజన కనిపిస్తుంది. మూర్ఛలకు దారితీసే రక్తపు పోటు తొలిచూలు గర్భిణులలో ఎక్కువ. అది ముదిరేది చివరి నెలల్లో, అంటే ఆమె పుట్టింటికి చేరిన తరువాత. రక్తహీనత అలా కాదు, కాన్పు వెంట కాన్పుగా పెరుగుతుంది. కాబట్టి అది ప్రాణాంతకమయ్యే వేళకు స్త్రీ అత్తింట ఉంటుంది. పుట్టిల్లు అంటే విశ్రాంతి, కడుపునిండా తిండి, ఒంట్లో బాగాలేదని నోరు తెరిచి చెప్పుకోగల చనువు. ఆ రక్షణ తొలిచూలుకు లభించింది, దాని అవసరం పెరిగే మూడో కాన్పుకూ నాలుగో కాన్పుకూ లభించలేదు. ఆచారం వ్యాధిని చూసి ఏర్పడలేదు గనుక ఇందులో ఆశ్చర్యం లేదు. కానీ దాని ఫలితాన్ని అనుభవించింది మలిచూలు గర్భిణి.

ఆసుపత్రి అనే మూడో చోటు 1844లో మద్రాసులో ఏర్పడిన ప్రసూతి వైద్యశాలతో మొదలైంది. తరువాత ఎగ్మూరుకు మారిన ఈ సంస్థ తొలి దశాబ్దాలలో ఎక్కువగా పేదలకే ఆశ్రయమైంది. అక్కడికి వెళ్ళకపోవడాన్ని మూఢాచారంగా మాత్రమే చూడడం సరికాదు. వైద్యుల చేతుల ద్వారానే ప్రసూతి జ్వరం ఒక మంచం నుంచి మరొక మంచానికి పాకుతోందని వియన్నాలో సెమ్మెల్వైస్ గుర్తించింది 1847లో. ఆ మాట వైద్యలోకం ఒప్పుకోవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. అందాకా ఏ దేశంలోనైనా ప్రసూతి వైద్యశాల ఇంటికంటే క్షేమమైన చోటని నిశ్చయంగా చెప్పగలిగే పరిస్థితి లేదు.

పురుష వైద్యుడు చూడరాదన్న నియమం మరో అడ్డు. న్యాయవాది అయిన భర్త వ్యవహారాల ద్వారా మద్రాసు స్త్రీల కష్టాలు తెలుసుకున్న మేరీ షార్లీబ్ 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరింది. లండనులో పట్టా పుచ్చుకొని 1883లో తిరిగివచ్చింది. 1885లో నుంగంబాకంలో ఆరంభమైన స్త్రీల ఆసుపత్రి ఆమె కృషి ఫలితం. దాని పేరు ‘విక్టోరియా కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రి’. కులమూ గోషా రెండింటినీ గుమ్మం మీదే ప్రకటించిన సంస్థ అది. ఇంటి నియమాలేవీ ఇక్కడ చెదరవని కుటుంబ పెద్దలకు ఇచ్చిన మాటగా ఆ పేరును చదవాలి. 1890లో అది చేపాక్కు మారినప్పుడు భవనానికి వెంకటగిరి రాజా లక్ష రూపాయలు ఇవ్వడం తెలుగు జమీందారీల చరిత్రలో గుర్తుంచుకోదగిన విషయం.

గుంటూరులో ఇదే సమస్య వంటింటి రూపంలో ఎదురైంది. 1883లో అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ తొలుత ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేసింది. ఆమె ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. మందు తీసుకోవడానికి లేని అభ్యంతరం అన్నం తీసుకోవడానికి ఉండేది. బాలింతకు పథ్యం ఎవరు వండాలి, ఏ నీటితో వండాలి అన్నది తేలనిదే ఆమెను అక్కడ పది రోజులు ఉంచడం కుదరదు. తన కుటుంబానికి జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా ఆసుపత్రి ఎదుట హిందూ రోగుల బంధువుల కోసం సత్రం కట్టించడం ఈ సందర్భంలో చూడాలి. రోడ్డుకు ఒకవైపు శస్త్రచికిత్స, మరోవైపు సొంత పొయ్యి. వ్యాధిగ్రస్త గర్భిణిని ఇల్లు దాటించడంలో శస్త్రచికిత్స పరికరాల కంటే ఆ పొయ్యి చేసిన మేలే ఎక్కువ కావచ్చు.

ఇంత జరిగినా ఆసుపత్రి చాలాకాలం ఎంచుకున్న చోటు కాలేకపోయింది, అన్నీ అయిపోయిన తరువాత చేరే చోటుగానే ఉండిపోయింది. రెండు మూడు రోజులు నొప్పులు పడి, బిడ్డ అడ్డం తిరిగి, బండిలో పడుకోబెట్టి తెచ్చిన స్త్రీలు అక్కడ మరణించేవారు. ఆ మరణాలు చూసి ఊరు ఆసుపత్రిని మరింత దూరం పెట్టింది. భయం వల్ల ఆలస్యం, ఆలస్యం వల్ల మరణం, మరణం వల్ల మళ్ళీ భయం. ఈ వలయాన్ని తెంచడానికి కొత్త కట్టడాలు చాలవు. నొప్పులు రాకముందే జబ్బును తెలుసుకోవాలన్న ఆలోచన కావాలి. 1901లో ఎడిన్‌బరోలో బాలంటైన్, ప్రసవానికి ముందే అస్వస్థ గర్భిణులను చేర్చుకొని చూడాలని వాదించాడు. ‘ఎక్కడ కనాలి’ అన్న నిర్ణయం ‘ఎప్పుడు తెలిసింది’ అన్నదానితో ముడిపడింది అప్పటినుంచే.

ఆ ఆలోచనకు భారతదేశంలో బలం చేకూర్చిన పరిశోధన లూసీ విల్స్‌ది. 1928లో బొంబాయి వచ్చిన ఆమె మిల్లు కార్మిక స్త్రీలలో కనిపించిన తీవ్ర రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది తగ్గుతుందని 1931లో ప్రకటించింది. దానిలోని పోషకం ఫోలిక్ ఆమ్లమని తరువాతి దశాబ్దంలో తేలింది. ఆమె పరిశీలనలలో కొంత భాగం మద్రాసు గోషా ఆసుపత్రిలోనే జరిగింది. పాండురోగమని విధికి వదిలేసిన స్థితి నెలల ముందే కనిపెట్టి, తిండితో సరిదిద్దదగినదని దీనివల్ల రుజువైంది. ఆసుపత్రికి కాన్పు కోసం కాక పరీక్ష కోసం వెళ్ళడానికి కారణం దొరికింది.

అదే 1928లో మద్రాసులో కె.ఎన్. కేసరి ‘గృహలక్ష్మి’ పత్రికను స్థాపించాడు. స్త్రీల గర్భాశయ వ్యాధులకు ఆయన తయారుచేసిన ‘లోధ్ర’ తెలుగిళ్ళలో ప్రసిద్ధం. పత్రికా మందూ రెండూ పోస్టులో ఇంటికే వచ్చేవి. స్త్రీ తన జబ్బును గురించి చదువుకొని, ఎవరికీ చూపించుకోకుండానే ఔషధం తెప్పించుకోగల ఈ మార్గం ఇంటికీ ఆసుపత్రికీ నడుమ ఏర్పడింది. వైద్యచరిత్రకారులు దీనిని వ్యాపారంగా పక్కన పెట్టారు, సాహిత్య చరిత్రకారులు స్వర్ణకంకణం దగ్గర ఆగిపోయారు.

1946 నాటి భోర్ కమిటీ నివేదిక దేశంలో ప్రతి వెయ్యి సజీవ జననాలకు 20 మంది తల్లులు మరణిస్తున్నారనీ, ఏటా ఆ సంఖ్య 2 లక్షలు ఉంటుందనీ అంచనా వేసింది. కర్నూలులో పుట్టి ఎగ్మూరు ఆసుపత్రిని నడిపిన ఎ. లక్ష్మణస్వామి మొదలియారు ఆ కమిటీ సభ్యుడు. నిజాం రాజధానిలో స్త్రీల ఆసుపత్రులు ఉన్నా, 1949లో యువరాణి నీలోఫర్ సేవకురాలు కాన్పులో మరణించింది. యువరాణి పూనికతో 1953లో ఏర్పడిన ఆసుపత్రి ఆమె పేరుతో నేటికీ నడుస్తోంది. రాజప్రాసాదంలో పనిచేసే స్త్రీకి కూడా వేళకు వైద్యం అందలేదంటే, దూరాన్ని మైళ్ళతోనే కొలవడం చాలదు.

నేడు ఇల్లా, ఆసుపత్రా అన్న ప్రశ్న దాదాపు లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రులలో జరుగుతున్నాయి. శస్త్రచికిత్స కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అదే సర్వే రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణులలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని చూపింది. చోటు మారినంతగా ఒళ్ళు మారలేదన్నమాట. వ్యాధిగ్రస్త గర్భిణికి ఇప్పటి ప్రశ్న ఏ ఆసుపత్రి అన్నది. హిమోగ్లోబిన్ 7 గ్రాముల లోపున్న స్త్రీ రక్తనిధి లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ప్రసవించరాదు. అది ముందుగా తెలియాలి, తెలిసినవారు పెద్దాసుపత్రికి ముందుగా రాసి పంపాలి.

ఇక్కడ పాత ఆచారం మళ్ళీ ఎదురవుతుంది. గర్భిణి పేరు నమోదయ్యేది అత్తవారి ఊళ్ళో. రక్తపు పోటు లెక్కలూ, రక్తపరీక్షలూ అక్కడి ఆశా కార్యకర్తకూ నర్సుకూ తెలుసు. ఏడో నెలలో ఆమె పుట్టింటికి వెళుతుంది. జబ్బు ముదిరే నెలల్లోనే ఆమెను ఎరిగినవారు వెనుకబడిపోతారు. పుట్టింటి ఊరి నర్సు ముందుకు వచ్చే స్త్రీ కొత్తది, ఆమె చరిత్ర తెలిసేది చేతిలోని తల్లీబిడ్డల కార్డు వల్లనే. సారె సామానుతోపాటు ఆ కార్డు ప్రయాణమైందా, అత్తింటి గూట్లోనే ఉండిపోయిందా అన్నదాన్ని బట్టి ఆమెను ఏ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలన్నది తేలుతుంది.