తెలుగునాట పాములతో పొరుగు

తెలుగునాట పల్లె వెలసిన నాటినుండి పాము పల్లెకు పొరుగుననే ఉన్నది. పైరు పండిన చోట ధాన్యము, ధాన్యమున్న చోట ఎలుక, ఎలుక ఉన్న చోట పాము చేరుట ప్రకృతిధర్మము. గడ్డివామి, పిడకల గూడు, కట్టెల మోపు, గాదె క్రింది నేల, పాతగోడల బీటలు: ఇవి యన్నియు మానవుడు తన వసతికై ఏర్పరచుకొన్నవే. పాము వానిలో చల్లదనమును, ఆహారమును చూచుకొన్నది. కావున ఈ రెండు జీవుల కథ కేవలము వైరపు కథ కాదు. తప్పించుకొనరాని ఇరుగుపొరుగు కథ. ఆ పొరుగున తెలుగువారు ఎట్లు మెలగిరి, ఏమి గుర్తించిరి, ఆ గుర్తింపు ఎంతమంది ప్రాణములను కాపాడగలిగెను అనునవి ప్రతి పల్లెవాసియు తెలిసికొనదగిన విషయములు.

మొదట భయమున్నది, భయముతోపాటు భక్తి పుట్టినది. అమరావతీ స్తూప శిల్పములలో పడగలు విప్పిన నాగములు నేటికిని చూపరులకు కానవచ్చును. రావిచెట్టు నీడను నాగప్రతిమ లేని ఊరు అరుదు. కార్తిక శుద్ధ చవితినాడు, కొన్ని సీమలలో శ్రావణమాసమునందు, స్త్రీలు పిల్లలను వెంటబెట్టుకొని పోయి పుట్టలో పాలు పోయుదురు. ఆ పుట్టను కట్టినది చెదపురుగు. అందు తలదాచుకొనునది పాము. పాము పాలు త్రాగి బ్రతుకు జీవి కాదని జంతుశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఐనను ఏడాదికి ఒక దినమైనను చేత కర్ర లేక పుట్టను సమీపించు నలవాటు పిల్లలకు ఒక పాఠము నేర్పినది: పామునకును ఒక ఇల్లున్నది, దాని జోలికి పోరాదు అని.

భక్తికంటెను విలువైనది చూపు. తెలుగు రైతు ప్రతి పామును పాము అని ఊరకొనలేదు; పేరు పెట్టి పిలిచినాడు. పొలములో ఎలుకలను తిను జెర్రిపోతు, చెరువులో చేపల వెంటబడు నీరుకట్టె, చెట్ల కొమ్మలపై ప్రాకు పసిరిక పాము, పడగ విప్పు నాగుపాము, రాత్రివేళ తిరుగు కట్లపాము, కొలిమితిత్తివలె బుసకొట్టు రక్తపింజర, మెట్టభూములలో రాళ్ళ సందున నుండు చిన్న పింజర వేర్వేరు అని అతడెరుగును. నెల్లూరు సీమ యానాదులు మొదలైనవారు ఎలుకల కలుగులను త్రవ్వుచు, పాముల జాడలను నేలపై చదువగలిగిన నేర్పును తరతరములుగా సంపాదించిరి. ఈ చూపు పుస్తకములకెక్కని శాస్త్రము.

అది పుస్తకమునకెక్కినది విశాఖపట్టణమునందే. స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు అలెప్పో నగరమున చిరకాలము వైద్యము చేసి, 1780ల తొలినాళ్ళలో విశాఖపట్టణములో ఉద్యోగియగు తన సోదరునివెంట ఇచ్చటికి వచ్చెను. 1785లో ఈస్టిండియా కంపెనీవారు ఆయనను చెన్నపురి రాజధానికి ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించిరి. పాముకాటు మరణములు ఆయన దృష్టినాకర్షించెను. విషసర్పమును చూచినంతనే గుర్తుపట్టుటకు సామాన్యునికి ఒక సులభమైన ఆనవాలు చూపవలెనని ఆయన కోరిక. పొలుసులను లెక్కించి చూచెను. ఆ లెక్క నమ్మదగినది కాదని, నోటిలోని విషపు కోరలే సరియైన ఆనవాలని తేలెను. కోరలు చూచువరకు పాము ఆగునా? కాబట్టి ఊరివారి పేర్లే ఆయనకు ఆధారమైనవి.

1796లో లండనునందు వెలువడిన ఆయన గ్రంథమున కోరమండల తీరపు పాముల చిత్రములతోపాటు వాని దేశీయ నామములును ముద్రితమైనవి. అందలి ఒక పేరు ‘కాటుక రేకుల పొడ’. కాటుక రంగు రేకులవంటి మచ్చలు వరుసగా గల పాము అని దాని భావము; అది నేటి రక్తపింజర. మరుసటి సంవత్సరము, అనగా 1797లో, ఐరోపా శాస్త్రజ్ఞులు ఆ పామునకు రస్సెల్ పేరు పెట్టిరి. పసుపు నలుపు పట్టెల పామును తెలుగువారు బంగారు పాము అనిరి. ఆ మాటనుండియే 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డోడాన్ కట్లపాముల జాతికంతకును ‘బుంగారస్’ అని నామకరణము చేసెను. నేడు ప్రపంచమున ఏ విశ్వవిద్యాలయమునందైనను విద్యార్థి కట్లపామును గూర్చి చదివినచో, తెలియకయే ఒక తెలుగుమాటను ఉచ్చరించుచున్నాడు.

కాని పేరు తెలిసినంతమాత్రమున ప్రాణము దక్కలేదు. ఆ కాలమున ప్రసిద్ధిగాంచిన, పాషాణము కలిసిన తంజావూరు మాత్రను రస్సెల్ పరీక్షించి చూచెను. నమ్మదగిన విరుగుడు ఆయనకు లభింపలేదు. పల్లెలలో మంత్రము, వేరు, పసరు, రాయి వాడుకలో నుండెను. అవి ఫలించినట్లు తోచుటకు కారణమున్నది. కరచిన పాములలో అనేకము విషము లేనివి. విషసర్పము సైతము ఒక్కొక్కప్పుడు విషము వదలకయే కరచును. అట్టి రోగి ఏ మందు వేసినను, వేయకున్నను బ్రతుకును. పేరు మంత్రగానికి దక్కును. నిజముగా విషమెక్కినవాడు మరణించినచో అది వాని తలవ్రాత యనబడెను. ఆంగ్ల ప్రభుత్వము పామును చంపినవారికి బహుమానములిచ్చి చూచినను మరణములు ఆగలేదు.

అసలు విరుగుడు 1894-95 ప్రాంతమున ఫ్రాన్సులో రూపొందినది. ఆల్బర్ట్ కాల్మెట్ మొదలైన శాస్త్రజ్ఞులు జంతువులకు విషమును స్వల్పస్వల్పముగా నెక్కించి, వాని రక్తమున పుట్టిన విషనాశక శక్తిని మందుగా గ్రహించిరి. ఈ పనికి గుఱ్ఱము అనుకూలమని తేలెను. ఐతే ఒక పాము విషమునకు చేసిన మందు వేరొక పాము విషమునకు పనిచేయదని త్వరలోనే తెలిసెను. ఆ చిక్కు తీరుటకు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అను నాలుగింటి విషమునకును పనికివచ్చు మందు మన దేశమున తయారైనది. కసౌలీలో 1905లో వెలసిన కేంద్ర పరిశోధనాలయమును, బొంబాయిలోని హాఫ్కిన్ సంస్థయు ఈ కృషిలో పేరెన్నిక గన్నవి. 1978లో తమిళనాట ఇరుళులు సహకార సంఘముగా ఏర్పడి, పాములను పట్టి, విషమును తీసి, తిరిగి వదలుచు మందు తయారీకి తోడ్పడిరి. అడవిబిడ్డల నేర్పు ఇట్లు వైద్యశాలకు చేరినది.

ఇన్ని కలిగియు మరణములేల ఆగలేదు? 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరి; అనగా ఏడాదికి దాదాపు 58,000 మంది. అందు సగము మరణములు జూన్, సెప్టెంబరు నెలల నడుమ, వానకాలపు సేద్యము సాగునప్పుడు సంభవించినవి. మరణములు అధికముగా గల రాష్ట్రములలో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములును చేరియున్నవి. 2018 ఆగస్టులో కృష్ణా ముఖద్వారమునగల దివిసీమలో పాముకాట్లు పెచ్చుపెరిగినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరాలయమున సర్పశాంతి హోమము జరిగెను. ఆసుపత్రులలో కాటుపడినవారికి విరుగుడు సూదిమందును నడచెను. రెండువేల యేండ్ల భక్తియు, నూరేండ్ల వైద్యమును ఒకే సీమలో పక్కపక్కన నిలిచినవి. భక్తి మనసునకు ధైర్యమిచ్చును. విషమును విరుచునది మాత్రము మందు.

లోపము మందులో కన్న కాలములో ఎక్కువగా నున్నది. కట్లపాము నేలపై నిద్రించువానిని రాత్రివేళ కరచును. నొప్పి స్వల్పము, గాటు కనబడదు. తెల్లవారునప్పటికి కడుపునొప్పి, కనురెప్పలు వ్రాలుట, పిదప ఊపిరాడకపోవుట. రక్తపింజర కాటునకు రక్తము గడ్డకట్టు గుణము చెడును, మూత్రపిండములు దెబ్బతినును. వైద్యుడు గాజు గొట్టములో కొంచెము రక్తము తీసి 20 నిమిషములు కదపక ఉంచి, అది గడ్డకట్టనిచో విషమెక్కినదని గ్రహించును. ఇంత సులభమైన పరీక్ష చేయుటకైనను రోగి ముందుగా ఆసుపత్రి చేరవలెను గదా! గాటును కోయుట, విషమును నోట పీల్చుట, త్రాటితో బిగించి కట్టుట హానికరములు. ఉంగరములు, కడియములు తీసివేసి, కాటుపడిన అవయవమును కదపక, నడిపింపక, వెంటనే ఆసుపత్రికి చేర్చుటయే కర్తవ్యము. పామును చంపి తేవలసిన అవసరమును లేదు. నాలుగింటికిని మందు ఒక్కటే.

నేడు పట్టణములు పొలములపైకి, చెరువు శిఖములపైకి వ్యాపించుచున్నవి. పాము ఇంటికి వచ్చినదని జనులనుచున్నారు. పాము ఉన్న చోటికే ఇల్లు వచ్చినదనుట సత్యము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము పామునకును రక్షణ కల్పించినది. 2024లో కేంద్రప్రభుత్వము 2030 నాటికి పాముకాటు మరణములను సగమునకు తగ్గింప నొక ప్రణాళికను ప్రకటించినది. ఆ ప్రణాళిక ఫలించుట ఢిల్లీలో కాదు, ఇంటి గడపయొద్ద. రాత్రి చేత దీపము, మంచముపై పడక, అంచులు దోపిన దోమతెర, ఇంటికి దూరముగా కట్టెల మోపు, పొలమున కాలికి చెప్పు: ఇవి ఖర్చు తక్కువ రక్షణలు.

రెండు శతాబ్దములకు పూర్వము తెలుగు పల్లె తన పాముల పేర్లను లోకమునకిచ్చినది. లోకము ఆ తరువాత విరుగుడును కనుగొన్నది. ఆ విరుగుడు వార్త పేరిచ్చిన పల్లెలోని ప్రతి ఇంటికిని చేరవలసియున్నది. చదివినవారు చదువనివారికి చెప్పుటయే అందుకు మార్గము. గ్రామ గ్రంథాలయమునకు ఇంతకంటె పుణ్యకార్యము వేరొకటి లేదు.