తూనికరాతికిని తూనిక



అంగడివాని తూనికరాతిపై సర్కారు ముద్ర లేనిచో మనము సందేహింతుము. త్రాసు తప్పినచో పోవునది కొన్ని పైసలే. రేడియోధార్మిక కిరణములను కొలుచు మాపకము తప్పినచో పోవునది ప్రాణము. ఏలయన ఆ కిరణములు కంటికి గానరావు, ఒంటికి సోకినట్లు తెలియవు. ఆ మాపకమునకు తూనికరాయి యెట్లు లభించెనో నేడు మనవి చేసెదను.

1910లో బ్రస్సెల్సున గూడిన శాస్త్రజ్ఞులు రేడియమునకు లోకమంతటికిని ఒక్కటే ప్రమాణ ముండవలెనని నిశ్చయించి, ఆ భారమును మేరీ క్యూరీపై నుంచిరి. ఆమె సుమారు 22 మిల్లీగ్రాముల రేడియము క్లోరైడును గాజుగొట్టమున బంధించెను. 1912లో పారిసునందు దానిని వియన్నావారి ప్రమాణముతో పోల్చి చూడగా రెండును చక్కగా సరిపోయెను. 1928లో స్టాక్‌హోము సభ కిరణముల మోతాదునకు రాంట్జెన్ అను మానమును నిర్ణయించెను.

1967లో మన నగరమున, తార్నాకకు ఈశాన్యమున, ఎలక్ట్రానిక్సు కార్పొరేషన్ వెలసెను. దానిని నెలకొల్పి నడపిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున జన్మించినవారు. కిరణమాపకములును అచట తయారైనవి.

అయినను, మాపకము చేసినంతనే కొలత కుదురదు. బలము తెలిసిన సీజియము-137 కిరణమూలమును దానియెదుట నుంచి సరిచూడవలెను. ఆ మూలము సుమారు 30 యేండ్లలో సగమునకు తగ్గును గనుక, పాత పత్రములోని అంకెను నేటి దినమునకు తగ్గించి లెక్కింపవలెను. దూరము రెట్టింపైనచో కిరణబలము నాల్గవ వంతగును. కావున జానెడు తప్పినను లెక్క తప్పును. ఆ దూరమే పరీక్షకునకు రక్షయు గూడ. మూలమును చేత ముట్టరాదు. పొడవైన పట్టుకారుతో తీసి, పని ముగిసినతోడనే సీసపు పేటికలో నుంచవలెను.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున మరియొక విశేష మున్నది. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల గ్రానైటు కట్టడము. క్రింది నేలయు గ్రానైటే. ఆ శిలలో యురేనియము, థోరియము, పొటాసియము స్వభావముచేతనే కలవు. ఏ మూలమును దరిలేకున్నను అచట మాపకము టిక్కుటిక్కుమనును. భయపడ బనిలేదు, కాని ఆ పలుకును ముందుగా కొలిచి మొత్తమునుండి తీసివేయనిచో, నేల చెప్పినదానిని మూలముపై మోపినవార మగుదుము.

ఇదంతయు వట్టి చాదస్తమని కొందరు తలంపవచ్చును. ఢిల్లీలోని యొక విశ్వవిద్యాలయమున 1985 మొదలు వాడక పడియున్న కిరణయంత్రము 2010లో వేలమున అమ్ముడుపోయి, మాయాపురి పాతసామాను బజారు చేరెను. అందలి కోబాల్టు-60 నెరుగక విడదీయగా నొక కూలివాడు మరణించెను, పలువురు జబ్బుపడిరి. సరిచూచిన మాపకమొకటి అచట పలికియుండినచో ఆ ప్రాణము నిలిచియుండు నేమో!

మాపకము లేనివాడు భయముచేతనైనను జాగ్రత్తపడును. సరిచూడని మాపకము చేతనున్నవాడు ధైర్యముగా నపాయములోనికి నడచును. కొలతకంటె ముందు కొలబద్దను కొలువవలెనని నా మనవి.