గిడుగు పంతులుగారి సవర బడి

ఏటా ఆగస్టు 29న మా ఆఫీసు తెలుగువాళ్ళ గ్రూపులో ఒకే రకం మెసేజీలు తిరుగుతాయి. తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు, గిడుగు వెంకట రామమూర్తి గారి ఫొటో, కింద వాడుక భాషా ఉద్యమం అని ఒక లైను. మర్నాటికి అందరం మర్చిపోతాం. నాకు దాంతో పేచీ ఏమీ లేదు. కానీ ఆయన చేసిన పనుల్లో నా మటుకు నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఆ లైన్లో లేదు. అసలు అది తెలుగుకి సంబంధించిన పనే కాదు.

మాది శ్రీకాకుళం వైపు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం అని ఒక ఊరుంది. దాని దగ్గరే ఉన్న పర్వతాలపేటలో 1863లో గిడుగు పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోయారు. విజయనగరంలో చదువుకున్నారు, అక్కడ గురజాడ అప్పారావు గారు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్పై రూపాయల జీతానికి పంతులుగా చేరారు. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళు కూడా లేవు.

శ్రీముఖలింగం గుడి గోడల నిండా శాసనాలు ఉంటాయి. తూర్పు గంగరాజుల కాలం నాటివి. మనలో చాలామంది వాటి ముందు నిలబడి ఫొటో దిగి వచ్చేస్తాం. ఈయన పుస్తకాలు తెప్పించుకుని ఆ పాత లిపులు చదవడం తనంతట తాను నేర్చుకున్నారు. గంగరాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమే అని వాదిస్తూ పరిశోధన వ్యాసాలు రాశారు. ట్రైనింగు లేదు, గైడు లేడు. స్కూల్లో పాఠం చెప్పుకునే ఒక కుర్రాడు చేసిన పని ఇది.

ఆ గుడికి ఇంకో కథ కూడా ఉంది. అక్కడి శివుడి పేరు మధుకేశ్వరుడు. మధుకం అంటే ఇప్పచెట్టు. సవరలు ఇప్పచెట్టుని నరికితే అందులో శివుడు ముఖంతో కనిపించాడని స్థలపురాణం. అంటే గుడి కథలోనే సవరలు ఉన్నారు. బడిలో మాత్రం లేరు.

సవరలంటే పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ఉండే గిరిజనులు. వాళ్ళ భాషకి తెలుగుతో చుట్టరికం లేదు, ఒరియాతోనూ లేదు. అది ముండా భాషల్లో ఒకటి, సంతాలీకి బంధువు. సంతకి దిగినా, షావుకారు దగ్గరకి వెళ్ళినా, కచేరీ మెట్లెక్కినా అవతలివాడు మాట్లాడేది వాళ్ళకి రాని భాషే. లెక్క ఎంత రాసుకున్నాడో, కాగితంలో ఏం ఉందో వాడు చెప్పినంతే. వీళ్ళకి చదువు కావాలని గిడుగుకి అనిపించింది. ఎవరికైనా అనిపిస్తుంది, అందులో వింతేం లేదు. ఆ తర్వాత ఆయన చేసిందే అసలు విశేషం.

మామూలుగా అయితే ఏం చేస్తారు? కొండ మీద ఒక బడి కడతారు. తెలుగో ఒరియావో వచ్చిన పంతుల్ని పంపిస్తారు. పిల్లలు రాకపోతే వాళ్ళకి చదువు మీద శ్రద్ధ లేదని రిపోర్టు రాస్తారు. గిడుగు దీన్ని తిరగేశారు. పిల్లలు పంతులు భాష నేర్చుకోవడం కాదు, ముందు పంతులే పిల్లల భాష నేర్చుకోవాలి అనుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకతన్ని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. దానికి అప్పటికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, రాసుకోవడానికి సొంత లిపి లేదు. అవన్నీ ఉండాలంటే ఎవరో ఒకరు కూర్చుని చెయ్యాలి, ఆయనే కూర్చున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. భాష విని నేర్చుకోవాల్సిన మనిషికి చెవులే పోయాయన్నమాట. అయినా ఆపలేదు.

సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్ళకి జీతాలిచ్చారు. వాచకాలకి మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే వద్దని, దాంతో సవరలకి వాళ్ళ భాషలోనే చెప్పే బడి పెట్టమన్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. సుమారు 1890ల్లో మొదలైన పని ఆయన డెబ్భై దాటాక కూడా నడుస్తూనే ఉంది. మనం మూడేళ్ళు ఒకే ప్రాజెక్టులో ఉంటే బోరు కొట్టి రెజ్యూమె అప్‌డేట్ చేస్తాం.

ఇప్పుడు తేదీలు చూడండి. మనకి తెలిసిన వాడుక భాషా ఉద్యమం 1907 ప్రాంతంలో మొదలైంది. ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, విశాఖలో కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు కలిసి బడిలో తెలుగు ఎలా చెబుతున్నారన్న ప్రశ్నని లేవనెత్తారు. పిల్లాడు ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలో చదివి పరీక్షలో రాయాల్సిన తెలుగు వేరు. సవర పిల్లల దగ్గర ఏళ్ళ తరబడి చూసిన సమస్యే ఇక్కడ తెలుగు పిల్లల దగ్గరా ఉందని గిడుగుకి అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది? నా ఉద్దేశంలో తెలుగు ఉద్యమం సవర బడి నుంచే పుట్టింది. మనం కథని వెనక నుంచి చదువుతున్నాం.

1912-13లో స్కూలు ఫైనలు వ్యాసం వాడుక భాషలో కూడా రాయొచ్చని అనుమతి వచ్చింది. పండితులు గొడవ చేశారు, అనుమతి పోయింది. 1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిస్తే గిడుగు రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరిలో పోయారు. ఆయన పోయిన దశాబ్దాలకి గానీ పాఠ్యపుస్తకాలు వాడుక భాషలోకి పూర్తిగా రాలేదు.

మరి గెలిచినట్టేనా? నాకు సగమే అనిపిస్తుంది. పుస్తకాల్లోకి వచ్చింది ఎక్కువగా కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ తెలుగు. ఆ ఉద్యమం పుట్టిన మా ఉత్తరాంధ్ర మాట ఇప్పటికీ సినిమాల్లో కామెడీ ట్రాకుకే పనికొస్తుంది. నేను ఇంజనీరింగులో చేరిన మొదటి వారమే హాస్టల్లో "ఏటి" అన్నందుకు నవ్వారు. నవ్వుని పట్టించుకోలేదు. కానీ నా రూమ్మేటు, వాడిది టెక్కలి దగ్గర, లెక్కల్లో మా అందరికంటే మొనగాడు. క్లాసులో డౌటు అడగడం మానేశాడు. అడిగితే తెలుగులో నవ్వుతారు, ఇంగ్లీషులో అడగడం రాదు. వాడు నాలుగేళ్ళు అలా నోరు మూసుకుని కూర్చున్నాడు. సవర పిల్లాడికి తెలుగు పంతులు ఎలా ఉండేవాడో నాకు వాణ్ణి తలుచుకుంటే అర్థమవుతుంది.

ఇది ఇంగ్లీషు వద్దనే టపా కాదు. ఆ ఇంగ్లీషుతోనే జీతం తీసుకుంటూ అలా అనడం బాగోదు. గిడుగు కూడా ఇంగ్లీషుకి శత్రువు కాదు, సవర నిఘంటువు ఇంగ్లీషులోనే చేశారు. ఆయన చెప్పింది ఒక్కటే. పిల్లాడు ఇంటి నుంచి ఏ మాట తెచ్చుకుంటాడో అక్కడ మొదలుపెట్టు, తర్వాత ఎక్కడికైనా తీసుకెళ్ళు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది, అందులో సవర ఒకటి. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది. పర్లాకిమిడి పంతులు ఈ పని జేబులో డబ్బుతో చేసి అప్పటికి వందేళ్ళు.

మనలో చాలామంది వీకెండ్లలో ప్రభుత్వ స్కూళ్ళకి వెళ్ళి కంప్యూటర్ పాఠాలు చెబుతున్నారు, మంచిదే. ఈసారి వెళ్ళినప్పుడు స్లైడ్లు తెరిచే ముందు ఓ పావుగంట ఆ పిల్లల్ని మాట్లాడనివ్వండి. వాళ్ళు చెరువుని ఏమంటారో, గుణింతాన్ని ఏమంటారో, కూడికని ఏమంటారో వినండి. పాఠం ఆ మాటల్లో మొదలుపెట్టండి. ఫొటో ఫార్వర్డ్ చెయ్యడం కన్నా అది గిడుగు పంతులుగారికి ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం.