బడి ఆటలు – ఊరి అండ

మా ప్రగతి నగర్‌లో బడి వదిలే వేళకు నాకు రోజూ ఒకటే దృశ్యం కనబడుతుంది. అయిదంతస్తుల భవనంలో బడి. కింద రెండు బస్సుల సందున బంతి ఆడుకునే పిల్లలు. బడికి ఆటస్థలం వుండి తీరాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నది. చట్టం సంగతి అలా వుంచుదాం.

ఆటల చరిత్ర అంటే మనవాళ్ళు పతకాల జాబితా రాస్తారు, లేదా ఒక వీరుడి గాథ చెబుతారు. ఆ ఆటకు నేల ఎవరిచ్చారు, పిల్లవాడికి తిండి ఎవరు పెట్టారు, చుట్టూ నిలబడి చూసినవాళ్ళెవరు అని అడగరు. ఈ ప్రశ్నలతో చూస్తే హైదరాబాదు ఫుట్‌బాలు చరిత్ర వేరుగా కనబడుతుంది.

దాని మధ్యనున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం (1909-1963) బడిపంతులు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూలులోనూ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలోనూ పాఠాలు చెప్పారు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొందారు. ఆయన తర్ఫీదులో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో మళ్ళీ స్వర్ణం సాధించింది. మరుసటి ఏడే ఆయన కాన్సరుతో మరణించారు.

ఆయన పద్ధతి నన్ను ఎక్కువ ఆకర్షిస్తుంది. చేతగాని కాలితోనే తన్నాలనే పోటీలు పెట్టారు. బంతిని కాలికింద అట్టిపెట్టుకోకుండా పక్కవాడికి అందించాలనే పోటీలూ పెట్టారు. రాని లెక్కనే మళ్ళీ మళ్ళీ చేయించే పంతులు బుద్ధి కాదా యిది? ఒంటరి నేర్పుకంటె సమష్టి ఆటకు విలువ యివ్వడం అందులో వున్నది.

అయితే ఒక్క పంతులు వల్ల అంత జరగలేదు. బళ్ళ మధ్య పోటీలు, వాటి వెనుక బస్తీల క్లబ్బులు, చివర పోలీసు శాఖ ఉద్యోగం: ఈ మెట్లుండబట్టే బీదవాడి కొడుకు బంతిని నమ్ముకోగలిగాడు. అమ్ముగూడ బీద కుటుంబంలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం యిరవయ్యేళ్ళకే మెల్బోర్న్ చేరాడు. ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల్లో పోలీసంటే తుపాకీ అని మనం మరువరాదు. పట్నంలో అదే పోలీసు పేరు బంతికీ అంటుకున్నది. చరిత్రలో యిటువంటి వైరుధ్యాలు వుంటూనే వుంటాయి.

ఊరి అండ అంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. జిల్లాలో పంతులుగా వున్నప్పుడు మా బడి ఆడపిల్లలు ఖోఖోలో మండలం దాటి జిల్లా పోటీలకు ఎంపికైనారు. పైనుంచి రావలసిన డబ్బు పోటీలు ముగిసిన తర్వాత వచ్చింది. ఈలోగా కిరాణా కొట్టాయన బియ్యమిచ్చాడు, ఆటోవాళ్ళు కిరాయి తీసుకోలేదు, వొక తల్లి వంటకు వచ్చింది. మా డ్రిల్లు మాస్టారు సున్నం తనే మోసి గీతలు గీశాడు. ఆటరోజున కూలికి పోకుండా వచ్చి నిలబడినవాళ్ళను నేను చూశాను. దీన్ని దాతృత్వం అనడం నాకు యిష్టం లేదు. ఆ బడి వారిది, ఆ నేల వారిది, ఆడేది వారి పిల్లలు.

ప్రగతి నగర్‌లో మనుషులు చెడ్డవారు కారు. కాని ఫీజు కట్టినవాడు బడికి ఖాతాదారు అయినాడు. పోటీ జరిగినా గేటు లోపలే; వీధికి చూసే వీలే లేదు.

నేల లేదంటారా? ఇక్కడికి ఎంతో దూరం లేని గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడలకు పెద్ద స్టేడియమే కట్టారు. ఆ పక్కనే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను క్రీడల పేరుతోనే వొక ప్రయివేటు కంపెనీకి ధారపోశారు. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. 2024లో సుప్రీంకోర్టుదాకా పోయి ఆ భూమి ప్రభుత్వానికే దక్కింది. 2025లో ఐ.టి. పార్కులకని దానిమీదికి బుల్డోజర్లు వచ్చాయి. విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డం నిలిచారు, కోర్టు ఆపింది. ఈ యిరవయ్యేళ్ళ తగవులో వొక్క హైస్కూలు పేరు నాకు వినబడలేదు.