ఇచ్చిన చేతుల చరిత్ర

మమ్మల్ని చూసే కళ్లకు రెండే బొమ్మలు తెలుసు. ఒకటి నవాబు, రెండోది ఫకీరు. ఒకడు దోచుకున్నవాడు, ఇంకొకడు అడుక్కునేవాడు. ఈ రెంటి మధ్య ఈ నేలమీద కష్టం చేసుకుని, ఉన్నదాంట్లో ఇస్తూ బతికిన సాయిబుల, దూదేకుల చరిత్ర ఎక్కడుంది? పాఠ్యపుస్తకాల్లో లేదు. ఉర్దూ తవారీఖుల్లోనూ లేదు. వాటినిండా దర్బారులే.

వక్ఫ్ అంటే ఆపడం. ఒకసారి అల్లా పేర నిలిపిన ఆస్తిని అమ్మకూడదు, ఎవరికీ రాసివ్వకూడదు, వారసులు పంచుకోకూడదు. దాని ఫలం మాత్రం పేదలకూ బాటసారులకూ అయినవాళ్లకూ చెందుతుంది. ఖైబర్‌లో తనకొచ్చిన భూమిని హజ్రత్ ఉమర్ ఇలాగే నిలిపారని మా సంప్రదాయం చెబుతుంది. దక్కనులో 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన దారుల్ షిఫా ఆస్పత్రి చరిత్రకెక్కింది. మక్కాలో నిజాంల రుబాత్ ఉంది. పాత హైదరాబాద్ సంస్థానపు హాజీలకు అక్కడ అద్దెలేని బస.

ఊళ్లలో ఇచ్చినవాళ్లకు మాత్రం ఫర్మానాలు లేవు. పీర్లకొట్టానికి ఒకరు జాగా విడిచారు. ఖబరస్తాన్‌కు ఒకరు చెలక విడిచారు. దర్గాలో దీపానికి ఒక ఇల్లు నూనె పోసింది. పీర్లనెత్తింది, గుండం తవ్వింది అన్ని కులాలవాళ్లూ. ఇదంతా నోటిమాట మీద, వాడుక మీద నిలిచిన దానం.

తెల్లదొరల న్యాయస్థానానికి ఈ దానం అర్థం కాలేదు. కుటుంబానికి మేలు జరిగేలా రాసిన వక్ఫ్ దానమే కాదని 1894లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. లేని బంధువుకు పెట్టడం కూడా సదఖానే అనే మా ధర్మం వాళ్ల నిర్వచనంలో ఇమడలేదు. ముస్లింలు ఆందోళన చేశారు. జిన్నా ప్రవేశపెట్టిన బిల్లు 1913లో చట్టమయ్యాకే ఆ తీర్పు దెబ్బ తప్పింది. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో ఒక చట్టం, 1995లో ఇంకొక చట్టం వచ్చాయి. బోర్డులు, సర్వేలు, గెజిట్లు వచ్చాయి. కాగితంమీద ఎకరాలు పెరిగాయి.

పేదవాడి చేతికి ఏమొచ్చింది? 2006 సచార్ కమిటీ లెక్క చూడండి. దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు, దాదాపు 6 లక్షల ఎకరాలు. ఏడాది ఆదాయం సుమారు 163 కోట్లు. సరిగా వాడితే 12 వేల కోట్లు రావచ్చని కమిటీ చెప్పింది. మణికొండలో హుస్సేన్ షా వలీ దర్గా పేర వక్ఫ్ బోర్డు చెప్పుకున్న 1654 ఎకరాల 32 గుంటలు ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అప్పటికే ఆ నేలమీద ఐటీ కంపెనీలు, అద్దాల మేడలు లేచాయి.

సర్కారునొక్కదాన్నే తప్పుపట్టి ఊరుకోలేం. ముతవల్లీలు తిన్నది తక్కువా? నామమాత్రపు అద్దెలకు దుకాణాలు కట్టబెట్టినవాళ్లు మావాళ్లు కారా? షరీఫుల పెద్దరికంలో నడిచిన ఈ వ్యవస్థలో మెహతర్‌కు, దూదేకులకు, ఫకీరు సాయిబుకు దక్కిన కుర్చీ ఎక్కడ? ఏడాది నిలిచిన సంపదలో నలభయ్యోవంతు జకాత్. అది ఇచ్చేవాడి దయ కాదు, పుచ్చుకునేవాడి హక్కు. ఆ హక్కును రంజాన్ నెల రేషన్ కిట్టుగా, కిట్టుమీద దాత ఫోటోగా కుదించింది ఎవరు?

ఇప్పుడు దానానికి కొత్త రూపాలొచ్చాయి. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టమంది. ఆ డబ్బు ఏ బస్తీకి వెళ్లాలో కంపెనీయే తేలుస్తుంది. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి, ఒక సంస్థ తనకొచ్చిన విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకుండా చేశారు. పెద్ద సంస్థల చేయూతతో బతికే చిన్న సంస్థలకు అది దెబ్బ. జకాత్ కూడా ఫోన్‌లో కట్టే రోజులొచ్చాయి. అదే 2020లో కరోనాను మాకు అంటగట్టి తిట్టారు. అయినా అయినవాళ్లే దగ్గరికి రాని శవాలను మతం చూడకుండా సాగనంపినవాళ్లలో మా పిల్లలున్నారు. ఆ సేవ ఏ కంపెనీ నివేదికలోనూ లేదు.

2025 వక్ఫ్ సవరణ చట్టం నేరుగా ఆ నోటిమాట దానం మీదికే వచ్చింది. వాడుక వల్ల ఏర్పడే వక్ఫ్‌ను ఇకపై గుర్తించదు. ముస్లిమేతరులు వక్ఫ్‌కు ఇచ్చే దానాలకు చోటిచ్చిన 104వ సెక్షన్‌ను తీసేసింది. వక్ఫ్ చేసేవాడు అయిదేళ్లుగా ఇస్లాం పాటిస్తున్నట్టు చూపాలంది. 2025 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు ఈ అయిదేళ్ల షరతును నిలిపింది గానీ వాడుక సంగతిలో జోక్యం చేసుకోలేదు.

ఈ చట్టం ముందు ఎక్కువ నష్టపోయేది ఎవరు? దస్తావేజులున్న నగరపు పెద్దలు కాదు. నమాజు రాకపోయినా పీర్లకు మొక్కే దూదేకులవాడు. ముస్లిమని రుజువు అడిగితే ఏం చూపిస్తాడు? పీర్లకొట్టానికి జాగా విడిచిన రెడ్డి తాత దానాన్ని ఏ గడిలో రాస్తారు?

అందుకే ఈ చరిత్రను మనమే రాసుకోవాలి. ఊరూరా ఖబరస్తాన్ హద్దులు, పీర్లకొట్టం జాగా, ఇచ్చినవాళ్ల పేర్లు ముసలివాళ్లుండగానే అడిగి రాయాలి. ముతవల్లీ లెక్కలను మసీదు గోడకు అంటించమని అడగాలి. అడిగేవాళ్లలో మెహతర్లు, దూదేకులవాళ్లు, ఆడవాళ్లు ముందుండాలి.