నైట్ డ్యూటీ – నర్సుల జీవ గడియారం

పగలు మెలకువగా ఉండి రాత్రి నిద్రపోయేలా శరీరానికి ఉన్న లయకూ, ఆసుపత్రి డ్యూటీ వేళలకూ పొంతన కుదరకపోవడం నర్సు వృత్తిలో ప్రపంచమంతటా ఉన్న సమస్య. వైఎస్ఆర్ కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఆసుపత్రుల్లో పనిచేసేవారికి దీనికి తోడు సీమ ఎండలూ ఉన్నాయి.

డ్యూటీ వేళలు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే పద్ధతిలో మార్నింగ్ డ్యూటీ ఉదయం 8 నుంచి 2 వరకు, ఆఫ్టర్‌నూన్ 2 నుంచి రాత్రి 8 వరకు, నైట్ రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు. పగటి డ్యూటీలు ఆరేసి గంటలు, నైట్ పన్నెండు గంటలు. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లలో రోజును పన్నెండేసి గంటల చొప్పున రెండుగా పంచడం మామూలే. వరుస నైట్ల తర్వాత నైట్ ఆఫ్ ఇస్తారు. వచ్చిన సిస్టర్‌కు రోగుల వివరాలు అప్పజెప్పి, మందుల లెక్క సరిచూపించేదాకా పాత డ్యూటీ ముగిసినట్టు కాదు.

శరీరంలో జరిగేది

జీవ గడియారానికి కేంద్రం మెదడులోని హైపోథాలమస్. దాని సహజ చక్రం సగటున 24 గంటలకు కొద్దిగా ఎక్కువ; కంటిలో పడే వెలుతురు దాన్ని రోజూ సరిదిద్దుతుంది. చీకటి పడ్డాక పీనియల్ గ్రంథి నిద్రకు సంకేతమైన మెలటోనిన్ హార్మోన్‌ను విడుదల చేస్తుంది. వార్డు దీపాల వెలుగు దాన్ని తగ్గిస్తుంది. కణాల్లో ఈ గడియారం నడిచే తీరును వెలికితీసినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి దక్కింది.

తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో శరీర ఉష్ణోగ్రత బాగా తగ్గుతుంది, చురుకుదనం అడుగంటుతుంది. డ్రిప్‌లో నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో లెక్కగట్టడం, సిరంజిలోకి ఇన్సులిన్ యూనిట్లు తీయడం వంటి పనుల్లో పొరపాటుకు ఎక్కువ ఆస్కారం ఉండే వేళ ఇదే. అందుకే ప్రమాదకరమైన మందుల మోతాదును ఇద్దరు సరిచూడాలంటారు.

ఆరోగ్యంపై ప్రభావం

నిద్రలేమి, ఎసిడిటీ, నెలసరి తేడాలు తరచూ కనిపించే ఇబ్బందులు. 1976లో అమెరికాలో మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనం, ఏళ్ల తరబడి మారుతూ వచ్చే నైట్ డ్యూటీలు చేసినవారిలో గుండె జబ్బుల ముప్పు ఎక్కువని చూపింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో నైట్ షిఫ్ట్ పనిని క్యాన్సర్‌కు దారితీయగల అవకాశమున్న వాటి జాబితాలో చేర్చి, 2019లో అదే నిర్ణయాన్ని కొనసాగించింది.

స్థానిక పరిస్థితులు

నిద్ర పట్టాలంటే శరీరం కొంత చల్లబడాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత తరచూ 40 డిగ్రీలు దాటుతుంది. ఉదయం తొమ్మిదికి పడుకున్నవారిని మధ్యాహ్నానికల్లా మిద్దె వేడి లేపేస్తుంది; కరెంటు పోతే ఆ కాస్త నిద్రా ఉండదు. ఇంటిపని, పిల్లల బడి, బంధువుల రాకపోకలు పగటి నిద్రను ఇంకా ముక్కలు చేస్తాయి. ప్రొద్దుటూరు నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగుకు నైట్ ముగించుకుని స్కూటీ మీద వెళ్లడం ప్రమాదకరం. ఆ పూట బస్సు మేలు.

సర్దుబాటు మార్గాలు

డ్యూటీకి వెళ్లేముందు మధ్యాహ్నం కునుకు తీయడం, వీలుంటే రాత్రి మధ్యలో ఇరవై నిమిషాలు నడుం వాల్చడం ఉపకరిస్తాయి. కాఫీ, టీ తాగిన ఐదు గంటలకు కూడా కెఫీన్‌లో దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది కాబట్టి చివరి కప్పు తెల్లవారుజామున మూడింటిలోపే ముగించాలి. అర్ధరాత్రి దాటాక బిర్యానీ కంటే మజ్జిగన్నం తేలిక. ఇంటికి వెళ్లేటప్పుడు చలువ కళ్లద్దాలు, పడుకునే గదికి మందపాటి తెరలు, కింది అంతస్తు, కూలర్ మేలు చేస్తాయి.

వీటన్నిటికంటే ప్రధానమైనది రోస్టర్. జీవ గడియారం సహజంగా ఆలస్యం వైపు జరుగుతుంది కాబట్టి మార్నింగ్, ఆఫ్టర్‌నూన్, నైట్ వరుసలో డ్యూటీలు మారితే శరీరం సులువుగా సర్దుకుంటుంది. నైట్ దిగినవారిని వెంటనే మార్నింగ్‌కు పిలిస్తే అలసట తీరదు. వరుస నైట్లను తక్కువగా ఉంచడం, రోస్టర్‌ను ముందుగా ప్రకటించడం, సెలవుల్లో ఉన్నవారి స్థానంలో అదనపు సిబ్బందిని ఉంచడం ఆసుపత్రి యాజమాన్యం చేతిలోని పనులు. నిద్ర ఇబ్బందులు మూడు నెలలకు మించి కొనసాగితే షిఫ్ట్ వర్క్ నిద్ర రుగ్మతగా అనుమానించి వైద్యుడికి చూపించుకోవాలి.